సూది తీశాకే అసలు పని: ఫిల్లర్‌కు చర్మం ఎలా స్పందిస్తుంది

క్లుప్తంగా: మొహంలో పల్చబడిన చోట్లు నిండుగా కనబడాలని సూదితో ఎక్కించే ఫిల్లర్ అంటే గుంతలో పోసి చదును చేసే సిమెంటు కాదు. లోపలికి వెళ్లిన క్షణం నుంచే శరీరం దాన్ని పసిగడుతుంది, చుట్టుముడుతుంది, కొంత కరిగిస్తుంది, కొన్నిసార్లు చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ పోగుల్ని కొత్తగా అల్లుతుంది. ఏ పదార్థం ఎక్కించారు, ఏ చోట ఎక్కించారు, తేడా వస్తే విరుగుడు ఎంతసేపట్లో అందుతుంది అన్న మూడు విషయాల మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట్ల ఈ మూడోదే ముందు చూసుకోవాల్సింది.

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడేసరికి ఫేషియల్, బ్లీచింగ్ మాటల పక్కన ఇప్పుడు ఫిల్లర్ అనే మాట కూడా వినిపిస్తోంది. ఒకప్పుడు అది సినిమావాళ్ల వ్యవహారం. తర్వాత విశాఖ దాకా వచ్చింది, ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం స్కిన్ క్లినిక్‌ల బోర్డుల మీదికీ ఎక్కింది. మాట వచ్చినంత వేగంగా వివరం మాత్రం రాలేదు. బొటాక్స్, ఫిల్లర్ ఒకటేననుకునేవాళ్లు ఉన్నారు. రంగు తేలడానికని చేయించుకునే గ్లూటాథయోన్ ఇంజెక్షన్‌తో కలిపేసేవాళ్లూ ఉన్నారు. ‘ఆర్నెల్లలో కరిగిపోతుంది, ఏమీ కాదు’ అని ఒక రీల్ చెబితే, మొహమంతా గడ్డలు కట్టిన మనిషిని ఇంకో రీల్ చూపిస్తుంది. రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఆ రెండు మొహాల్లోకి వెళ్లింది ఒకే పదార్థం కాకపోవచ్చు, అంతే.

బొటాక్స్ పని కండరం మీద. నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని కొన్ని నెలలపాటు ఆపుతుంది కాబట్టి నుదురు ముడిపడదు. ఫిల్లర్ కండరం జోలికి పోదు. పల్చబడిన చోట, గుంత పడిన చోట పరిమాణం పెంచుతుంది. గ్లూటాథయోన్‌కు ఈ రెండు పనులతోనూ సంబంధం లేదు.

నులక వదులైన మంచం

చర్మంలో కంటికి కనబడేది పలుచటి పై పొర మాత్రమే. బలం, బిగువు అంతా దాని కింద ఉండే డెర్మిస్‌లో ఉంటుంది. అక్కడ కొల్లాజెన్ పోగులు పడుగు పేకల్లా అల్లుకుని ఉంటాయి. సాగిన చర్మాన్ని మళ్లీ వెనక్కి లాగేది ఎలాస్టిన్. పోగుల మధ్య ఖాళీల్లో నీటిని పట్టి ఉంచే జిగురు పదార్థం పేరు హైయలురోనిక్ యాసిడ్. ఈ నేత పని చేసే కణాలు ఫైబ్రోబ్లాస్టులు.

ఫైబ్రోబ్లాస్టులకు ఒక స్వభావం ఉంది. చుట్టూ ఉన్న కొల్లాజెన్ పోగుల్ని పట్టుకుని సాగదీసుకుని ఉన్నప్పుడే అవి చురుగ్గా పనిచేస్తాయి. నులక మంచాన్ని గుర్తుచేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నులక బిగువుగా ఉన్నంతకాలం ప్రతి తాడూ పక్క తాడును ఆదుకుంటుంది. రెండు మూడు చోట్ల తెగిందంటే మంచం మధ్యలో కుంగుతుంది, కుంగినకొద్దీ మిగతావీ వదులవుతాయి. చర్మంలోనూ ఇదే జరుగుతుంది. పోగులు తెగితే ఫైబ్రోబ్లాస్టులకు పట్టు దొరకదు, అవి ముడుచుకుపోతాయి. ముడుచుకున్న కణం కొత్త కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. అంతటితో ఊరుకోకుండా ఉన్న కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములను ఎక్కువగా వదులుతుంది. కుంగిన మంచాన్ని ఇంకా కుంగదీసే పని ఇది.

యవ్వనం దాటాక కొల్లాజెన్ ఏటా సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని చర్మశాస్త్రం అంచనా. ఎండ దీన్ని తొందరపెడుతుంది. సూర్యకాంతిలోని యూవీఏ కిరణాలు డెర్మిస్ దాకా దిగి ఆ కత్తిరించే ఎంజైములను రేపుతాయి. చర్మవ్యాధులు పోవాలని అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకునే జిల్లా ఇది. ఆరోగ్యం భాస్కరుడిస్తాడన్న మాట విటమిన్ డి వరకు సరే. కొల్లాజెన్ విషయంలో మాత్రం ఆయన కాస్త ఉగ్రమూర్తే. భావనపాడు తీరంలో వలలు లాగేవారి మొహాన్ని, అదే వయసులో నీడపట్టున ఉద్యోగం చేసేవారి మొహాన్ని పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

వయసుతో మారేది చర్మం ఒక్కటే కాదు. బుగ్గల్లోని కొవ్వు తిత్తులు పల్చబడతాయి, కిందికి జారతాయి. దవడ, కంటి చుట్టూ ఉన్న ఎముక కూడా కొంత అరుగుతుంది. అందుకే డాక్టర్లు చాలాసార్లు ఫిల్లర్‌ను చర్మంలో కాకుండా లోతుగా, ఎముకను ఆనుకుని వేస్తారు.

సిరంజిలో ఏముంటుంది

ఎక్కువగా వాడేది హైయలురోనిక్ యాసిడ్ జెల్. దీన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిగుడ్డులోని జిగురు నుంచి వేరు చేశారు. 70 కిలోల మనిషి ఒంట్లో ఇది సుమారు 15 గ్రాములు ఉంటుంది. అందులో మూడో వంతు రోజూ విరిగిపోయి మళ్లీ కొత్తగా తయారవుతుంది. ఫిల్లర్ సిరంజిలో పట్టేది 1 మిల్లీలీటరు, అంటే చెంచాలో ఐదో వంతు. అందులో ఉండే హైయలురోనిక్ యాసిడ్ 20 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. రోజుకు 5 గ్రాములు అవలీలగా అరిగించుకునే ఒంటికి ఇది లెక్కలోకి రాదు. మామూలు రూపంలోనే ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా పోతుంది.

నెలల తరబడి నిలిచేలా చేసేది రసాయన బంధాలు. పొడవాటి అణువుల్ని బీడీడీఈ అనే రసాయనంతో అక్కడక్కడా ముడివేస్తారు. ముడి వేయకముందు అది గంజి. ముడులు పడ్డాక తాటి ముంజ. గంజి ఎటు వంచితే అటు పారుతుంది. ముంజను నొక్కితే అణుగుతుంది, వదిలితే మళ్లీ ఆకారానికి వస్తుంది. ముడులు ఎక్కువైతే జెల్ గట్టిగా ఉంటుంది, గడ్డం, దవడల దగ్గర బరువు మోస్తుంది. తక్కువైతే మెత్తగా ఉంటుంది, పెదవికి నప్పుతుంది. గట్టి జెల్‌ను కంటి కింద పలుచటి చర్మంలో పైపైన వేస్తే ఉబ్బుతో పాటు నీలి నీడ కూడా కనబడుతుంది. ఆకాశాన్ని నీలంగా చూపించే కాంతి చెదిరే గుణం లాంటిదే ఇక్కడా పనిచేస్తుంది. జనం దాన్ని కమిలిన మచ్చ అనుకుని తగ్గుతుందని నెలలకు నెలలు ఎదురుచూస్తుంటారు.

హైయలురోనిక్ యాసిడ్ అణువు ఏ జీవిలోనైనా ఒకటే. ఒకప్పుడు కోడిపుంజు తురాయి నుంచి తీసేవారు, ఇప్పుడు బ్యాక్టీరియాను పులియబెట్టి తయారు చేస్తున్నారు. ఎక్కడి నుంచి వచ్చినా మన ఒంటికి అది పరాయి కాదు. దీనికి ముందు 1981లో అమెరికాలో అనుమతి పొందిన ఆవు కొల్లాజెన్ ఫిల్లర్ అలా కాదు. సుమారు 3 శాతం మందికి పడేది కాదు కాబట్టి ముందు చేతి మీద పరీక్ష చేసి వారాలు ఆగాల్సి వచ్చేది. పైగా మూడు నాలుగు నెలలకే కరిగిపోయేది. 2003 డిసెంబరులో రెస్టిలేన్ అనే హైయలురోనిక్ యాసిడ్ జెల్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చాక ఆవు కొల్లాజెన్ క్రమంగా తెరమరుగైంది.

మొదటి గంట నుంచి మూడో నెల దాకా

సూది దిగగానే శరీరానికి అది ముందు గాయం. జెల్ సంగతి తర్వాత. చిన్న రక్తనాళాలు తెగుతాయి, హిస్టమిన్ విడుదలవుతుంది, ఎర్రబడి వాస్తుంది. పెదవులైతే మరుసటి రోజు అద్దంలో చూసుకుని టెన్షన్ పడేంతగా వాస్తాయి. ఈ వాపు మామూలుగా రెండు మూడు రోజుల్లో దిగుతుంది, కమిలిన మచ్చలకు వారం పది రోజులు పడుతుంది. అసలు ఆకారం తెలిసేది రెండు వారాల తర్వాతే. పెళ్లికి మూడు రోజుల ముందు ఫిల్లర్ వేయించుకోవడం ఎందుకు తెలివైన పని కాదో దీంతోనే తేలిపోతుంది.

ఈలోగా లోపల ఇంకో పని నడుస్తుంటుంది. జెల్ మీద నిమిషాల్లోనే రక్తంలోని ప్రొటీన్లు పూతలా అంటుకుంటాయి. వచ్చిన వస్తువు తనదా, పరాయిదా అని రక్షక కణాలు చూసుకునేది ఆ పూతను బట్టే. ముందు న్యూట్రోఫిల్స్ వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో వాటి స్థానంలోకి మాక్రోఫేజ్‌లు దిగుతాయి. ఇవి చిన్న ముక్కల్ని మింగేస్తాయి. మింగలేనంత పెద్దదైతే చుట్టూ చేరి, కొన్నిసార్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి రాక్షస కణాలుగా మారతాయి. చివరికి ఫైబ్రోబ్లాస్టులు వచ్చి చుట్టూ పలుచటి గోడ కడతాయి. అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉండిపోతే కొన్నాళ్లకు దాని చుట్టూ గట్టి కాయ కడుతుంది కదా, ఆ పనే ఇక్కడ చిన్న స్థాయిలో జరుగుతుంది. మంచి హైయలురోనిక్ జెల్ విషయంలో ఈ గోడ చేతికి తగలనంత పలుచగా ఉంటుంది.

ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. 2007లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎండకు పాడైన ముంజేతి చర్మంలో హైయలురోనిక్ ఫిల్లర్ వేసి, 4, 13 వారాల తర్వాత చిన్న చర్మం ముక్కలు తీసి పరీక్షించారు. పోల్చడానికి కొన్నిచోట్ల ఉత్త సెలైన్ ఎక్కించారు. ఫిల్లర్ పక్కనున్న ఫైబ్రోబ్లాస్టులు సాగి, నిటారుగా ఉన్నాయి. వాటి చుట్టూ కొత్త కొల్లాజెన్ కనిపించింది, సెలైన్ వేసిన చోట అలా లేదు. జెల్ చోటు ఆక్రమించి పక్క పోగుల్ని లాగడంతో కణాలకు పోయిన పట్టు మళ్లీ దొరికిందని వారి వివరణ. వదులైన నులక కింద ఎవరో చెక్క దోపి బిగించినట్టు. జెల్ కరిగాక కూడా కొందరిలో కొంత మెరుగు మిగిలి ఉండటానికి ఇది ఒక కారణం.

మరి జెల్ నిజంగా ఆర్నెల్లకే కరుగుతుందా? కంపెనీలు చెప్పే 6 నుంచి 18 నెలలు కంటికి కనబడే ఫలితానికి సంబంధించిన లెక్క. ఎంఆర్ఐ స్కాన్లలో కొందరికి రెండేళ్లు దాటాక కూడా జెల్ కనబడింది. పెదవి లాంటి నిత్యం కదిలే చోట త్వరగా పోతుంది, కదలిక తక్కువ ఉన్న చోట చాలాకాలం ఉండిపోతుంది. తగ్గిందనుకుని ఏటా దానిపైనే మళ్లీ వేయించుకుంటే మొహం ఉబ్బరంగా మారడానికి కారణం ఇదే.

కావాలనే రేపే పదార్థాలు

కొన్ని ఫిల్లర్లకు చుట్టూ గోడ కట్టే ఈ స్పందనే పెట్టుబడి. కాల్షియం హైడ్రాక్సిలపటైట్ మన ఎముకలు, పళ్లలో ఉండే ఖనిజం లాంటిదే. 25 నుంచి 45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గుండ్రటి రేణువులుగా చేసి జెల్‌లో కలిపి ఎక్కిస్తారు. జెల్ కొన్ని నెలల్లో పోతుంది, రేణువుల చుట్టూ కొల్లాజెన్ చేరుతుంది. పాలీ లాక్టిక్ యాసిడ్ అయితే ఎక్కించిన వెంటనే కనబడే మార్పు నీటిదే. రెండు మూడు రోజుల్లో అది పోయి మొహం మళ్లీ మామూలుగా అవుతుంది, డబ్బు దండగైందనిపిస్తుంది. అసలు ఫలితం నెలల తరబడి మెల్లగా వస్తుంది. కరిగే కుట్లదారాల్లో వాడే పాలిమర్ల కుటుంబానికి చెందిందే ఇది.

రేణువు సైజు ఇక్కడ చాలా ముఖ్యం. పదిహేను ఇరవై మైక్రాన్ల కన్నా చిన్నదైతే మాక్రోఫేజ్ మింగి వేరే చోటికి మోసుకుపోతుంది. అంతకన్నా పెద్దదై, గుండ్రంగా, నున్నగా ఉంటే ఉన్నచోటే ఉంచి గోడ కడుతుంది. అంచులు గరుకుగా ఉంటే మంట తగ్గకుండా రగులుతూనే ఉంటుంది.

పీఎంఎంఏ గుళికలు ఎన్నటికీ కరగవు. పళ్ల సెట్టులో, శుక్లాల ఆపరేషన్‌లో పెట్టే గట్టి లెన్సుల్లో వాడే ప్లాస్టిక్ ఇదే. కంటిలో మేలు చేసేది కదా, చర్మంలో ఏం చేస్తుందిలే అనుకోవడానికి లేదు. లెన్సును తీయొచ్చు, వేలకొద్దీ గుళికల్ని ఏరి తీయలేరు. ఇక ద్రవ సిలికోన్. అందానికి ఇంజెక్షన్‌గా దీన్ని అమెరికా ఎఫ్‌డీఏ ఎన్నడూ అనుమతించలేదు. అయినా చవకగా దొరుకుతుంది కాబట్టి ప్రపంచంలో చాలాచోట్ల దొంగచాటుగా వాడుతూనే ఉన్నారు. ఈ ఆశ ఇప్పటిదేమీ కాదు. 1899లో వియన్నా సర్జన్ రాబర్ట్ గెర్సూనీ మెత్తటి పారఫిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. మొదట్లో అద్భుతం అన్నారు. కొన్నేళ్లకు అది పక్కకు జారి, గట్టిపడి, పుండ్లు పడటంతో ఆ గడ్డలకు పారఫినోమా అని పేరు పెట్టాల్సి వచ్చింది.

నెలల తర్వాత లేచే గడ్డలు

ఫిల్లర్ వేసిన వారంలో తగిలే ఉండ, ఏడాది తర్వాత లేచే గడ్డ ఒకటి కావు. మొదటిది చాలాసార్లు జెల్ ఒకచోట పోగుపడటం వల్ల వస్తుంది, నొప్పి ఉండదు. రెండోదానికి కారణాలు చాలా ఉండొచ్చు. సూదితో పాటు లోపలికి వెళ్లిన బ్యాక్టీరియా జెల్‌ను అంటుకుని పల్చటి పొర అల్లుకుని నెలలపాటు కిమ్మనకుండా ఉండి, తర్వాత మేలుకోవచ్చు. శరీరం అప్పటిదాకా సహించిన పదార్థాన్ని ఒక్కసారిగా శత్రువుగా గుర్తించొచ్చు. ఫ్లూ, పంటి చికిత్స, సైనస్ ఇన్‌ఫెక్షన్ తర్వాత ఇలా జరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. 2020 చివర్లో మోడెర్నా కోవిడ్ టీకా పరీక్షల్లో అంతకుముందు ఫిల్లర్ వేయించుకున్న ముగ్గురికి మొహమో పెదవో వాచింది, చికిత్సతో తగ్గింది. రోగనిరోధక వ్యవస్థ మొత్తంగా మేలుకున్నప్పుడు పాత జెల్ కూడా దాని కంట పడింది.

స్పందనల్లో పూర్తిగా ముదిరిన రూపం గ్రాన్యులోమా. తుమ్మముల్లు చుట్టూ కట్టిన కాయే ఇక్కడ అదుపు తప్పి పెరుగుతుంది. హైయలురోనిక్ జెల్‌తో ఇది అరుదు. కరగని పదార్థాలతో వచ్చినప్పుడు వదిలించుకోవడం చాలా కష్టం.

కంటికి నిమిషాలు, విశాఖకు గంటలు

అన్నిటికన్నా ప్రమాదకరమైనదానికి రోగనిరోధక శక్తితో సంబంధమే లేదు. జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్లి అడ్డుపడటం అది. మొహంలోని ధమనులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. కనుబొమల మధ్య, ముక్కు మీద ఉన్న నాళాలు కంటికి రక్తం అందించే ధమని కొమ్మలతో కలుస్తాయి. సిరంజిని గట్టిగా నొక్కితే జెల్ రక్తానికి ఎదురెళ్లి, నొక్కడం ఆపగానే ప్రవాహంతో పాటు కంటిలోకి పోగలదు.

2021లో అమెరికాలో 370 మంది చర్మవైద్యుల అనుభవాలు సేకరించారు. సూదితో వేసినప్పుడు సుమారు 6,400 సిరంజిలకు ఒకసారి, మొన మొద్దుగా ఉండే క్యాన్యులాతో వేసినప్పుడు సుమారు 40,000 సిరంజిలకు ఒకసారి నాళం మూసుకుపోయిందని తేలింది. అరుదే. అయితే అవి మొహంలోని నాళాల దారులు చదువుకున్న చేతులు. పార్లర్‌లో రెండు రోజుల ట్రైనింగ్‌తో వేసేవాళ్లకు ఈ అంకెలు వర్తిస్తాయనుకోకూడదు. సూది లేకుండా ఒత్తిడితో జెల్‌ను లోపలికి కొట్టే పెన్నుల గురించి ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో ప్రత్యేకంగా హెచ్చరించింది.

నాళం మూసుకుపోతే గుర్తులు ఉంటాయి. బొటనవేలి గోరును నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడుతుంది. ఫిల్లర్ వేసిన చోట చర్మాన్ని అలాగే నొక్కి వదిలినప్పుడు తెల్లదనం పోకుండా నిలిచినా, వల పరిచినట్టు ఊదారంగు గీతలు తేలినా, నొప్పి వాపు కన్నా ఎక్కువగా ఉన్నా మామూలు కమిలింపు అనుకోకూడదు. కొంచెం ముదురు రంగు చర్మం మీద ఈ తెల్లబడటం అంత స్పష్టంగా కనబడదు కాబట్టి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

హైయలురోనిక్ జెల్‌కు విరుగుడు ఉంది. జెల్‌లోని పొడవాటి అణువుల్ని తెంపే హైయలురోనిడేజ్ అనే ఎంజైము. విచిత్రం ఏమిటంటే ఇది కొత్త మందేమీ కాదు. శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటి చుట్టూ ఇచ్చే మత్తు ఇంజెక్షన్ బాగా వ్యాపించాలని కంటి డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా కలుపుతున్నది ఇదే. పాము విషం, తేనెటీగ విషం ఒంట్లో అంత వేగంగా పాకడానికి సాయపడేదీ ఈ జాతి ఎంజైమే. తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దురులొచ్చే అలవాటు ఉన్నవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాల్సింది అందుకే. కాల్షియం రేణువుల్ని, పీఎంఎంఏను, సిలికోన్‌ను ఈ ఎంజైము ఏమీ చేయలేదు.

నాళం మూసుకుపోతే చర్మం కొన్ని గంటలు ఓర్చుకోగలదు. కంటి రెటీనా ఓర్చుకునేది నిమిషాల లెక్కన, మహా అయితే గంటన్నర. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం వాళ్లకైతే అంతకు రెట్టింపు పైమాటే. విజయనగరం దగ్గరే అనిపిస్తుంది గానీ, సుమారు 60 కిలోమీటర్లు దాటి, విశాఖ ట్రాఫిక్‌లో ఆసుపత్రి చేరేసరికి ఎంతవుతుందో ఆ దారిన తిరిగేవాళ్లకు తెలుసు. కాబట్టి ‘ఏదైనా అయితే వైజాగ్ తీసుకెళ్దాం’ అన్న మాట ఈ విషయంలో పనికిరాదు. ఆ ఎంజైము సీసాలు ఫిల్లర్ వేసే గదిలోనే ఉండాలి. వేయించుకునేవాళ్లు ధర అడిగేముందు అడగాల్సిన ప్రశ్న అది. ఆ ప్రశ్నకు తడబడే చోట ముక్కు మీద, కనుబొమల మధ్య వేయించుకోవడం సాహసమే.

మన చర్మం, మన ఎండ, మన కిడ్నీలు

ఫిల్లర్ల పరిశోధన చాలావరకు తెల్ల చర్మాల మీద జరిగింది. మన చర్మంలో రంగు కణాలు గాయానికి త్వరగా స్పందిస్తాయి. సూది గుచ్చిన ప్రతి చోటా, వాచిన ప్రతి చోటా నల్ల మచ్చ మిగిలే అవకాశం ఉంటుంది. ఒకే రంధ్రం నుంచి చుట్టూ తిప్పి వేసే క్యాన్యులాకు ఇక్కడ ఇంకో లాభం కనబడుతుంది. మచ్చ తగ్గేదాకా ఎండ తగలకుండా చూసుకోవాలి. చెవులు కుట్టిన చోటో, టీకా వేసిన చోటో మచ్చ ఉబ్బి కాయలా పెరిగిన చరిత్ర ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఉద్దానం సంగతి వేరే చెప్పుకోవాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. ఫిల్లర్ జెల్ వల్ల కిడ్నీకి ప్రత్యేకంగా హాని ఉందని ఎవరూ చెప్పలేదు. చిక్కంతా వాపుకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలతో. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి అప్పటికే బలహీనపడిన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. పైగా సూదికి ముందు వేసుకుంటే కమిలిన మచ్చలూ పెద్దవవుతాయి. నొప్పి ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, పైన చల్లటి గుడ్డ సాధారణంగా సరిపోతాయి.

డబ్బా మీది స్టిక్కరు

ఫిల్లర్లు మన దేశంలో 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ పరిధిలోకి వస్తాయి. దిగుమతి చేసుకున్నదైతే డబ్బా మీద దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు ఉండాలి. చాలా కంపెనీల డబ్బాల్లో పేరు, బ్యాచ్ నంబరు ఉన్న చిన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి రోగి ఫైల్‌లో అంటించడానికి, ఒకటి రోగికి ఇవ్వడానికి. సీల్ తీయడం కళ్లముందు జరగాలి, ఆ స్టిక్కరు ఇంటికి తెచ్చుకోవాలి.

రెండేళ్ల తర్వాత బుగ్గలో గడ్డ లేచి వేరే ఊళ్లో వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే అప్పుడు దాని విలువ తెలుస్తుంది. స్టిక్కరు మీద హైయలురోనిక్ యాసిడ్ అని ఉంటే ఎంజైము సంగతి ఆలోచించొచ్చు. అది లేక, ‘ఏదో జెల్ అన్నారు’ అన్న జవాబే మిగిలితే, గడ్డలోంచి చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. నీలంగా, ఆకారం లేని ముద్దలు కనబడితే హైయలురోనిక్ యాసిడ్. ఒకే సైజు గుండ్రటి ఖాళీలు వరసగా ఉంటే పీఎంఎంఏ. చిన్నా పెద్దా రంధ్రాలతో చిల్లుల అట్టులా ఉంటే సిలికోన్.